నవాబు అడిగిన పిల్ల, ఏడుగురు అన్నదమ్ములు, ఒక కపిల బావి

చిత్తూరు వైపు పెళ్ళిళ్ళలోనూ కర్మాంతరాల్లోనూ భోజనాలు అయ్యాక, పెద్దవాళ్ళు వక్కాకు వేసుకుని కూర్చున్న వేళ ఒక కథ బయటికొస్తుంది. వివరాలు ఇంటింటికీ కాస్త మారతాయి గానీ నడక ఒకటే. ఒకప్పుడు వీళ్ళది ఎక్కడో ఉత్తరాన పెద్ద సంసారం. ఇంట్లో చక్కని చుక్కలాంటి ఆడపిల్ల. నవాబు కన్ను ఆ పిల్ల మీద పడింది, ఇమ్మని కబురు పెట్టాడు. కాదంటే తల పోతుంది, ఔనంటే కులం పోతుంది. పెళ్ళికి ఒప్పుకున్నట్టే ఒప్పుకుని, పందిరి వేసి, కొన్ని ఇళ్ళ కథలో అయితే పందిరి గుంజకు ఒక కుక్కను కట్టేసి, రాత్రికి రాత్రే బండ్లు కట్టారు. వెనక దండు తరుముకొస్తోంది, ముందు ఏరు నిండుగా పారుతోంది. ఇలవేల్పును తలుచుకుంటే ఏరు పాయ విడిచి దారిచ్చింది. ఇవతలి గట్టున ఏడుగురు అన్నదమ్ములు ఏడు దిక్కులకు చీలారు. అందులో ఒకడు ఈ ఊరు చేరాడు.

వినేవాళ్ళకు ఒళ్ళు గగుర్పొడుస్తుంది. చిక్కల్లా, పక్కింటి వాళ్ళదీ ఇదే కథ.

పక్కింటి వాళ్ళదే కాదు. ఎడ్గర్ థర్‌స్టన్ 1909లో ఏడు సంపుటాలుగా తెచ్చిన దక్షిణాది కులాల వివరాల్లో ఈ కథ రకరకాల వేషాల్లో కనిపిస్తుంది. మొరసు ఒక్కలిగుల కథలో నది పాయ విడుస్తుంది. తమిళదేశంలో స్థిరపడిన తెలుగు తొట్టియ నాయకుల కథలో ఏటికి అటూ ఇటూ ఉన్న కానుగ చెట్లు వంగి వంతెన అవుతాయి. తిరుపతి వాళ్ళకు అంత దూరం వెళ్ళే పని కూడా లేదు. ఏటేటా వైశాఖంలో జరిగే తాతయ్యగుంట గంగమ్మ జాతర ఈ కథే. ఆడపిల్లల్ని చెరబట్టే పాలెగాడు, వాడి పీచమణచడానికి అవిలాలలో కైకాల వారింట పెరిగిన గంగమ్మ, దాక్కున్న వాణ్ణి బయటికి లాగడానికి రోజుకొక వేషం. ఇక్కడ దుర్మార్గుడు నవాబు కాదు, పాలెగాడు. చౌడేపల్లె దగ్గర బోయకొండ గంగమ్మ కథలో మళ్ళీ నవాబు సైన్యమే. కథ చట్రం మారలేదు, ఎప్పుడు ఎవరి పెత్తనం ఉంటే వాడిని తెచ్చి అందులో కూర్చోబెట్టారు. అన్నదమ్ముల సంగతీ అంతే. కాణిపాకం స్థలపురాణంలో గుడ్డి, మూగ, చెవిటి అన్నదమ్ములు ముగ్గురు, వాళ్ళు తవ్విన బావి ఒకటి. ముగ్గురు, ఏడుగురు అన్నవి కథలకు నచ్చే అంకెలు. నలుగురు అన్నదమ్ములు వలస వచ్చారని చెప్పే ఇల్లు దొరికితే ఆ మాటను కాస్త నమ్మవచ్చు.

ఇలాగని ఇంటి కథ అబద్ధమని కొట్టిపారేయడం తొందరపాటు. ఈ చట్రం ఇంతమందికి ఎందుకు పనికొచ్చిందో చూడాలి. కొత్త ఊరికి వచ్చిన కుటుంబాన్ని ఆ ఊరు అడిగే ప్రశ్నలు రెండే: సొంత ఊరు ఎందుకు వదిలారు, మీ మర్యాద ఏపాటిది. కరువొచ్చి తిండి లేక వచ్చామనో, అప్పులవాళ్ళు మీద పడితే వచ్చామనో, దాయాదులు తరిమేస్తే వచ్చామనో చెప్పుకోవడం ఎవరికీ ఇష్టం ఉండదు. నవాబు కథ రెండు ప్రశ్నలకూ ఒకే జవాబు చెబుతుంది. కూటి కోసం రాలేదు, పరువు కోసం వచ్చాం అని. కాబట్టి ఆ కథలో వలస నిజం కావచ్చు, కారణం మాత్రం అరువు తెచ్చుకున్నది కావచ్చు.

మరి ఇంట్లో చెప్పుకునే దానిలో సొంత సరుకు ఏది? ఒక మోటు లెక్క ఉంది. కథకు ఘనత తెచ్చే ముక్కలన్నీ ఉమ్మడి ఆస్తి. కథకు ఏ మాత్రం అక్కర్లేని ముక్కలు, ఉన్నా లేకపోయినా ఒకటే అనిపించేవి, ఆ ఇంటివే అయ్యే అవకాశం ఎక్కువ. ఒక చిన్న ఊరి పేరు, ఒక చెరువు, తినకూడదనుకునే ఒక కూర, కారణం తెలియకుండా చేసే ఒక మొక్కు. వీటిని కల్పించి ఎవరికీ ఒరిగేదేమీ లేదు. అందుకే అవి మారకుండా మిగులుతాయి.

తిరుపతిలోనే ఇందుకు మంచి నమూనా ఉంది. తాళ్ళపాక అన్నమాచార్యుల (1408–1503) జీవితం మనకు తెలిసింది ముఖ్యంగా ఆయన మనవడు చిన్నన్న ద్విపదలో రాసిన చరిత్ర వల్ల. అంటే అది ఒక మనవడు చెప్పిన తాత కథ. అందులో మహిమలు బోలెడు. వాటితో పాటు అన్నమయ్య తాత నారాయణయ్య బాల్యం కూడా ఉంది. ఆయనకు చిన్నప్పుడు చదువు అబ్బలేదు. ఊటుకూరులో బంధువుల దగ్గర చదువుకు పెడితే అయ్యవారి శిక్షలు పడలేక, చింతాలమ్మ గుడి దగ్గర పుట్టలో చెయ్యి పెట్టి ప్రాణం తీసుకోబోయాడు. అమ్మవారు ప్రత్యక్షమై మూడో తరంలో మహాభక్తుడు పుడతాడని చెప్పింది. చదువు రాని పిల్లవాడికి దేవత దిగిరావడం పాత పద్ధతే, కాళిదాసు కథా అదే. ఊటుకూరు మాత్రం కథకు అక్కర్లేదు. ఏ ఊరైనా సరిపోయేది. అలాంటి చోటే ఒక ఇంటి అసలు జ్ఞాపకం ఉందేమో అనిపిస్తుంది.

అదే కుటుంబం సంకీర్తనలను రాగిరేకులపై చెక్కించినప్పుడు తేదీలు కూడా వేయించింది. శక 1346 క్రోధి సంవత్సరంలో స్వామి ప్రత్యక్షమైనప్పటి నుంచి శక 1424 దుందుభి వరకు పాడినవి అని. పంచాంగం తీసి చూస్తే క్రోధికీ 1346కూ, దుందుభికీ 1424కూ సరిగ్గా కుదురుతుంది. ప్రత్యక్షం కావడాన్ని నమ్మడం, నమ్మకపోవడం ఎవరి ఇష్టం వాళ్ళది. సంవత్సరం మాత్రం నిలుస్తోంది.

ఏ నవాబు? ఏ ధాత?

ఇంటి కథలో కాలాన్ని పట్టుకోవడం అన్నిటికంటే కష్టం. "మా అబ్బ వాళ్ళ అబ్బ విజయనగరం పడిపోయినప్పుడు వచ్చినాడంట" అనే మాట చంద్రగిరి చుట్టుపక్కల వింటూనే ఉంటాం. విజయనగరం దెబ్బతిన్నది 1565లో. తరానికి పాతికేళ్ళో ముప్పై ఏళ్ళో వేసుకుంటే అప్పటి నుంచి ఇప్పటికి 15 నుంచి 18 తరాలు. ఏ ఇంట్లోనైనా వరసగా చెప్పగలిగే పేర్లు నాలుగో అయిదో. మధ్యలో పది తరాలకు పైగా మాయం. ఆఫ్రికాలో మౌఖిక చరిత్రలపై పనిచేసిన యాన్ వాన్సినా ఈ ఖాళీని గుర్తించి, అది తరాలతో పాటు ముందుకు జరుగుతూ ఉంటుందని చెప్పాడు. దగ్గరి మూడు నాలుగు తరాలు స్పష్టంగా ఉంటాయి, మూలపురుషుడూ స్పష్టంగానే ఉంటాడు, నడుమ ఏమీ ఉండదు. మన ఇళ్ళలో మూడు తరాలే ఎందుకంటే, బ్రాహ్మణుల ఇళ్ళలో తద్దినానికి పేర్లు చెప్పేది తండ్రి, తాత, ముత్తాత వరకే. మిగతా ఇళ్ళలో సంక్రాంతికి పెద్దలకు బట్టలు పెట్టేటప్పుడు తలుచుకునేదీ దాదాపు అంతే. ఏటా నోటితో పలికే పేరు నిలుస్తుంది, పలకనిది పోతుంది.

నవాబు మాటకూ ఒక హద్దుంది. ఈ ప్రాంతం మీద ఆర్కాటు నవాబుల పెత్తనం సాగింది ప్రధానంగా 18వ శతాబ్దంలో. 1801లో ఆ నవాబుల కర్ణాటక రాజ్యం మొత్తం ఈస్టిండియా కంపెనీ చేతికి పోయింది. మదనపల్లె, వాయల్పాడు వైపు 1800లో నిజాం కంపెనీకి ఇచ్చేసిన దత్తమండలాల్లో భాగం. "దండు వచ్చింది, ఊళ్ళు తగలబెట్టారు" అనే కథకు హైదర్ అలీ దండయాత్ర సరిపోవచ్చు. 1780లో కర్ణాటకంలోకి దిగిన హైదర్ 1782 డిసెంబరులో చనిపోయింది చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేట మకాంలోనే. 1804, 1805 నాటి చిత్తూరు పాలెగాళ్ళ తిరుగుబాటుకూ సరిపోవచ్చు. కథలో కృష్ణదేవరాయలూ నవాబూ ఒకే వాక్యంలో కనిపిస్తే మాత్రం రెండు వందల ఏళ్ళు ఒక్క రాత్రిగా మడతపడ్డాయని అర్థం.

ఇక సంవత్సరాల పేర్లు. ధాత కరువు అనే మాట రాయలసీమలో ఇంకా బతికే ఉంది. 1876, 1877లలో మద్రాసు రాజధానిని (ప్రెసిడెన్సీని) పీల్చి పిప్పి చేసిన కరువది. ధాత అరవై ఏళ్ళకు మళ్ళీ వస్తుంది కాబట్టి 1936లోనూ ఒక ధాత ఉంది. ఇక్కడే పెద్ద తిరకాసు. ఈ వైపు తాత పేరు మనవడికి పెట్టడం ఆనవాయితీ. మునస్వామి కొడుకు చెంగయ్య, చెంగయ్య కొడుకు మునస్వామి. "మునస్వామి ధాతలో ఊరు విడిచి వచ్చినాడు" అనే మాటలో ఏ మునస్వామి, ఏ ధాత? ఇప్పటి పెద్దవాళ్ళు తాము చూసిన మునస్వామికే ఆ కథ అంటగడతారు. అప్పుడు ఆయన పుట్టకముందే ఊరు విడిచినట్టు లెక్క తేలుతుంది. ఇలాంటి చోట కథ తప్పు కాదు, మనిషి తప్పు. ఒకే పేరున్న ఇద్దరిని ఒకడిగా కలిపేయడం వంశవృక్షాల్లో అన్నిటికంటే ఎక్కువగా జరిగే పొరపాటు.

పాత కాగితాల్లో సంవత్సరం పేరు బదులు ఫసలీ, అంటే జూలైలో మొదలయ్యే రెవెన్యూ సంవత్సరపు అంకె ఉంటుంది. అంకెకు 590 కలిపితే ఆ జూలై ఏ ఇంగ్లీషు సంవత్సరంలో వచ్చిందో తెలుస్తుంది. ఫసలీ 1286 అంటే 1876 జూలై నుంచి 1877 జూన్ వరకు, సరిగ్గా కరువు ఏడు. రెవెన్యూ ఆఫీసులో ఇప్పటికీ అదే లెక్క నడుస్తోంది కాబట్టి ఇది తెలియనివాళ్ళకు కూడా అక్కడి గుమాస్తా నోటిలెక్కతో చెప్పేస్తాడు.

కావడితో వచ్చినవాడు

ఒక కథను దగ్గర పెట్టుకుని చూద్దాం. ఇది ఏ ఒక్క ఇంటిదీ కాదు, ఈ ప్రాంతంలో పదేపదే వినిపించే రకం. పేర్లు, ఊళ్ళు వదిలేద్దాం.

ముత్తాత ఒక్కడే, భుజాన కావడితో ఆ ఊరికి వచ్చాడు. ఊళ్ళో నీళ్ళకు కటకట. ఆయన నేల చూసి, ఇక్కడ తవ్వండి అన్నాడు. తవ్వితే జల ఎగదన్నింది. ఊరి పెద్ద సంతోషపడి పొలమూ ఇచ్చాడు, పిల్లనూ ఇచ్చాడు. ఎద్దులతో నీళ్ళు తోడే ఆ కపిల బావి ఇప్పటికీ ఆయన పేరుతోనే ఉంది. కథ ఇంతే. దీని పక్కన ఆ ఇంట్లో రెండు ఆనవాయితీలు ఉన్నాయి, ఎందుకో ఎవరికీ తెలియదు. సంక్రాంతికి పెద్దలకు పెట్టే బట్టల్లో ఒక చీర వేరే ఇంటిపేరుగల పేరంటాలికి పెడతారు. మగపిల్లలకు పుట్టువెంట్రుకలు తిరుమలలో తీయించినా, మొదటి కత్తెర పక్కూరి అమ్మవారి దగ్గర వేయిస్తారు. పెద్దవాళ్ళను అడిగితే "అవ్వ కాలం నించీ అట్లే" అంటారు.

కథ మొత్తంలో అక్కర్లేని ముక్కలు ఇవే, తాళం చెవీ ఇవే. వేరే ఇంటి పేరంటాలికి చీర ఎవరు పెడతారు? ఆ ఇంటికి పెట్టేవాళ్ళు లేకపోతే, ఆ బాధ్యత మీదపడ్డవాళ్ళు పెడతారు. అంటే మగసంతానం లేని ఒక ఇల్లు, ఆ ఇంటి ఆడపిల్ల, ఆమెను చేసుకుని అక్కడే ఉండిపోయిన అల్లుడు. ఇల్లటం. రెడ్లలోనూ కమ్మవారిలోనూ ఇది ఎంత పాతుకుపోయిన ఆచారమంటే, మద్రాసు రాజధానిలో కోర్టులు కూడా దీన్ని ఒప్పుకుని ఇల్లటపు అల్లుడికి కొడుకుతో సమానంగా వాటా ఇచ్చాయి. చట్టం ఒప్పుకున్నా ఊరి నోరు ఒప్పుకోలేదు. ఇల్లరికపు అల్లుడంటే లోకువ. అత్తగారింటి పొలం తిన్నాడనే మాట పిల్లల చెవిన పడకూడదు. కాబట్టి ఆయన కావడితో వచ్చాడు, బావి తవ్వించాడు, పొలం సంపాదించుకున్నాడు.

ఇది ఊహ. ఊహను కాగితంతో తేల్చుకోవచ్చు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్ళినవాళ్ళు మామూలుగా సర్వే నంబరు ఇచ్చి ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన లావాదేవీల పత్రం) అడుగుతారు. ఆన్‌లైన్ ఈసీ 1983 తర్వాత లావాదేవీలకే వస్తుంది, ఇంటి చరిత్రకు అది చాలదు. పాత ఇండెక్సులు రెండు రకాలు. ఒకటో ఇండెక్సు మనుషుల పేర్ల ప్రకారం, రెండోది ఆస్తుల ప్రకారం. పూర్వీకుల కోసం వెతికేవాళ్ళకు కావలసింది ఒకటోది. ఒకటో పుస్తకంలోని దస్తావేజులకు రుసుము కట్టి ఎవరైనా నకలు తీసుకోవచ్చు. మూడో పుస్తకంలో వీలునామాలు ఉంటాయి, రాసిన మనిషి చనిపోయాక ఎవరైనా వాటి నకలు అడగొచ్చు. ఈ సంగతి చాలామందికి తెలియదు. వీలునామా కంటే ఎక్కువ చుట్టరికాలు చెప్పే కాగితం మరొకటి లేదు.

అలాంటి పాత దస్తావేజు ఒకటి దొరికిందనుకుందాం. పై వరసల్లోనే రాసిచ్చినవాడి తండ్రి పేరు, కులం, వృత్తి, సుమారు వయసు, కాపురం ఉండే ఊరు. మామ అల్లుడికి రాసిస్తున్న కాగితం. మగసంతానం లేనందున కూతుర్ని ఇచ్చి ఇల్లటముగా తెచ్చుకొన్నందున, అని ఉంటుంది. అల్లుడి సొంత ఊరు కూడా ఉంటుంది, ఇంట్లో అందరూ మరిచిపోయినది. కింద వేలిముద్ర, పక్కన నిశాని అనే మాట. ఆ కింద షెడ్యూలు: తూర్పుకు ఫలానావారి చేను, పడమటికి వంక, ఉత్తరానికి బండిబాట, దక్షిణానికి కపిల బావి.

దక్షిణానికి కపిల బావి. అల్లుడికి పొలం రాసిచ్చే నాటికే బావి అక్కడుంది. ముత్తాత దాన్ని తవ్వలేదు. పూడిక తీయించి లోతు చేశాడేమో, ఆ పనికి పేరు వచ్చిందేమో. ఒక్క హద్దుమాట చాలు, కథలో ఏది పాతదో ఏది అతుకో చెప్పడానికి.

దస్తావేజు చూసిన మనవడు సంబరంగా ఇంటికొచ్చి చెబితే, ఎనభై ఏళ్ళ జేజి ముఖం మాడ్చుకుంటుంది. "అవన్నీ ఇప్పుడు ఎందుకురా" అంటుంది. ఆమెకు తెలుసు, ఎప్పటి నుంచో తెలుసు. చాలా ఇళ్ళలో నిజం పోలేదు, ఆడవాళ్ళ దగ్గర భద్రంగా ఉంది, అంతే. మగవాళ్ళను అడిగితే మూలపురుషుడి కథ వస్తుంది, ఆడవాళ్ళను అడిగితే ఎవరు ఎవరికి రెండో పెళ్ళాం, ఏ బిడ్డ దత్తత, ఏ అన్నదమ్ములు ఎందుకు మాట్లాడుకోరో వస్తుంది. వంశవృక్షానికి ఈ రెండోదే కావాలి. వంశవృక్షం గీసేటప్పుడు మాత్రం ఈ ఆడవాళ్ళ పేర్లే వదిలేస్తారు.

పోయిన నూరెకరాల కథకూ ఇదే వైద్యం. ప్రతి ఇంట్లోనూ ఒకప్పుడు నూరెకరాలు ఉండేవి, ఒక తాగుబోతు తాతో ఒక జిత్తులమారి కరణమో వాటిని మాయం చేశాడు. కరణాలు అందరూ బుద్ధిమంతులని ఎవరూ అనరు. 1984 జనవరిలో ఆ పదవులే పోయాక మాత్రం తమ వైపు కథ చెప్పుకోవడానికి వాళ్ళు మిగల్లేదు. భూమి పోయే దారులు ఇంకా ఉన్నాయి: కరువు ఏడుల్లో భోగ్యానికి పెట్టి విడిపించుకోలేకపోవడం, 1948 చట్టంతో జమీందారీలు, 1956 చట్టంతో ఇనాములు రద్దు కావడం, 1973 నాటి సీలింగు. కార్వేటినగరం, కాళహస్తి, పుంగనూరు జమీందారీల కింద సాగు చేసినవాళ్ళు "మాది" అన్న భూమి కాగితంలో వాళ్ళది కాకపోవచ్చు. ఇనాం భూమి అయితే అదృష్టమే. 1858లో మొదలైన ఇనాం కమిషన్ ప్రతి ఇనామునూ విచారించి, ఎవరు ఇచ్చారు, ఎవరికి ఇచ్చారు, ఇప్పుడు ఎవరు అనుభవిస్తున్నారు, వాళ్ళకూ వీళ్ళకూ చుట్టరికం ఏమిటి అన్నది రిజిస్టర్లలో రాయించింది. దేవుడి మాన్యమో, చెరువు కట్టుబడి మాన్యమో, మంగలి మాన్యమో ఉన్న ఇంటికి 1860ల నాటి రెండు మూడు తరాల పేర్లు ఒక్క గీతలో దొరికే అవకాశం ఉంది. రాజుల వారసులమని చెప్పుకునే వాళ్ళ కంటే ఊరి పనివాళ్ళ చరిత్రే ఇక్కడ గట్టిగా ఉండటం కాస్త తమాషా.

మీ ఊరు అప్పుడు ఏ జిల్లా?

చిత్తూరు జిల్లావాళ్ళు వెతుకులాటలో ఓడిపోయేది ఎక్కువగా ఇక్కడే. ఈ జిల్లా పుట్టిందే 1911 ఏప్రిల్ 1న. అంతకుముందు చిత్తూరు, చంద్రగిరి, పలమనేరు తాలూకాలు ఉత్తర ఆర్కాటు జిల్లాలో, మదనపల్లె, వాయల్పాడు కడప జిల్లాలో ఉండేవి. చిత్తూరు పట్నమే ఉత్తర ఆర్కాటుకు ముఖ్యపట్టణం. కాబట్టి 1911కు ముందటి కాగితాలు వెతకాల్సింది ఉత్తర ఆర్కాటు పేరుతో, చాలా భాగం చెన్నై ఎగ్మూరులోని రికార్డు ఆఫీసులో. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి వైపు మద్రాసు రాష్ట్రంలోకి పోయింది, సత్యవేడు వైపు ఇటు వచ్చింది. 2022 ఏప్రిల్ 4న తిరుపతి వేరే జిల్లా అయింది. ఒకే ఊరు, ఒకే ఇల్లు, మనవడి తరానికి వచ్చేసరికి రెండు రాష్ట్రాల్లో మూడు కలెక్టరేట్ల కాగితాలు.

దీనికి అందరికీ తెలిసిన ఉదాహరణ సర్వేపల్లి రాధాకృష్ణన్. 1888లో ఆయన పుట్టిన తిరుత్తణి అప్పుడు ఉత్తర ఆర్కాటు, తర్వాత దాదాపు యాభై ఏళ్ళు చిత్తూరు జిల్లా, ఇప్పుడు తమిళనాడులో తిరువళ్ళూరు జిల్లా. ఇంటిపేరు చెప్పే సర్వేపల్లి ఏమో నెల్లూరు జిల్లాలో ఉంది. ఇల్లు మారినా, జిల్లా మారినా, రాష్ట్రం మారినా ఇంటిపేరు మాత్రం పాత ఊరి చిరునామా మోసుకొస్తూనే ఉంది. నవాబు కథ కంటే ఈ నాలుగక్షరాలే గట్టి సాక్ష్యం. కాకపోతే అన్ని ఇంటిపేర్లూ సర్వేపల్లి అంత సుళువు కావు. కొత్తపల్లె, కొత్తపేట, ఎగువపల్లె లాంటి ఊళ్ళు ఈ ఒక్క జిల్లాలోనే ఎన్నో. తమిళ సరిహద్దులో అయితే ఇంటిపేరు వదిలేసి తండ్రి పేరులో మొదటి అక్షరాన్నే ఇనీషియల్‌గా పెట్టుకున్న తెలుగు ఇళ్ళు చాలా. అక్కడ ఇంటిపేరు శుభలేఖలోనో, కులదేవత గుడిలో చందా పుస్తకంలోనో బయటపడుతుంది.

తిరుపతిలో ప్రత్యేకంగా వినిపించే ఇంకో మాట, కొండ మీద మాకు మిరాశీ, అంటే గుడి సేవలో వంశపారంపర్య హక్కు, ఉండేది అని. ఇది సుళువుగా తేలే రకం, ఎందుకంటే తిరుమల లెక్కలు రాసుకునే చోటు. 1801 తర్వాత కంపెనీ అజమాయిషీలో, 1843 నుంచి హథీరాంజీ మఠం మహంతుల చేతిలో, 1933 నుంచి దేవస్థానం కమిటీ కింద, ఎవరికి ఏ కైంకర్యం, ఎంత ప్రసాదం వంతు అన్నది కాగితం మీద ఉంటూనే వచ్చింది. వంశపారంపర్య హక్కులను 1987 చట్టం తీసేసింది. నిజంగా మిరాశీ ఉన్న ఇంట్లో అప్పటి నుంచి కోర్టు కాగితాల కట్ట ఒకటైనా ఉండాలి. అది లేకుండా కథ ఒక్కటే ఉంటే కాస్త అనుమానించాలి. 1930లలో దేవస్థానం అచ్చేసిన శాసన సంపుటాల్లో తమ పూర్వీకుడి పేరు కనిపించిందని మురిసిపోయేవాళ్ళు కూడా ఉన్నారు. తిమ్మయ్య అనే పేరు ఆ కాలంలో ఎంతమందికి ఉండేదో ఆలోచిస్తే ఆ మురిపెం దిగిపోతుంది.

రేవు దాటి తిరిగి రానివాడి కథ ఈ జిల్లాలో చాలా ఇళ్ళలో ఉంది. ఎక్కడికి పోయాడన్న దాన్ని బట్టి వెతుకులాట ఫలితం మారుతుంది. ఫిజీకి, దక్షిణాఫ్రికాలోని నాటాలుకు కూలి ఒప్పందం మీద పోయిన ప్రతి మనిషికీ ఒక నమోదు ఉంది: పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీద పుట్టుమచ్చ లేదా గాటు. నాటాలుకు 1860 నుంచి 1911 వరకు లక్షా యాభై వేల మందికి పైగా పోయారు, వాళ్ళలో ఎక్కువమంది మద్రాసు రేవు నుంచే ఓడ ఎక్కారు. ఫిజీకి 1903 తర్వాత పోయిన దక్షిణాదివాళ్ళలో ఉత్తర ఆర్కాటు వాళ్ళే అధికం. డర్బన్ నుంచి పూర్వీకుల ఊరు వెతుక్కుంటూ వచ్చేవాళ్ళ చేతిలో ఈ కాగితమే ఉంటుంది, ఇంగ్లీషు గుమాస్తా చెవికి వినపడినట్టు రాసిన ఊరి పేరుతో. రంగూన్ పోయినవాడి సంగతి వేరు. బర్మా 1937 వరకు ఇండియాలో భాగమే కాబట్టి మేస్త్రీ వెంట ఓడెక్కితే చాలు, మనిషి మనిషికీ అలాంటి నమోదు లేదు. కోలారు గనికి పోయినవాడి కోసం ఓడల లెక్కలేవీ అక్కర్లేదు, కుప్పం నుంచి ఒక పూట ప్రయాణం. ఆయన పిల్లలు అక్కడే ఉండిపోయి ఉంటారు.

ఇంట్లోవాళ్ళు మరిచిపోయినా గుర్తుపెట్టుకోవడమే పనిగా ఉన్నవాళ్ళు ఒకప్పుడు ఉండేవారు. కాపులకు పిచ్చుకుంట్ల వారు, విశ్వబ్రాహ్మణులకు రుంజల వారు, మాదిగలకు డక్కలి వారు, ఇలా ఒక్కో కులానికి ఒక్కో కథకుల కులం. పంటలప్పుడు వచ్చి గోత్రాలు, ఇంటిపేర్లు చదివి ధాన్యం పట్టుకుపోయేవారు. పొగడ్తకు ధాన్యం ఇచ్చే చోట పొగడ్త పెరుగుతుంది, అందులో వింత లేదు. కానీ ఏ ఇంటిపేరు వాళ్ళు ఏ ఊళ్ళో ఉన్నారన్న జాబితా వాళ్ళకు బతుకుతెరువు. దాన్లో తప్పుపోతే మరుసటి ఏడు ఆ గడపలో గింజ రాలదు. కాబట్టి వాళ్ళు పాడిన వీరగాథను పక్కన పెట్టి, ఊళ్ళ వరసను రాసుకోవాలి. ఇప్పటికీ తిరిగే కుటుంబాలు కొన్ని ఉన్నాయి, పిల్లలు వేరే పనుల్లోకి పోయారు.

డీఎన్‌ఏ పరీక్షతో అన్నీ తేలిపోతాయన్న ఆశ ఈమధ్య పెరిగింది. మన ఇళ్ళలో అది ఒక చోట బోల్తా పడుతుంది: మేనరికం. అక్క కూతుర్ని చేసుకున్నవాడి బిడ్డకు, తండ్రిని కన్న తాత అవ్వలే తల్లివైపు ముత్తాత ముత్తవ్వ కూడా అవుతారు. ఇలా రెండు మూడు తరాలు నడిస్తే దూరపు చుట్టం కూడా పరీక్షలో దగ్గరి చుట్టంలా కనిపిస్తాడు. పాశ్చాత్య కుటుంబాల లెక్కతో "మూడో తరం దాయాది" అని వచ్చిన ఫలితం ఇక్కడ అయిదారు దారుల్లో అందిన దూరపు చుట్టరికం కావచ్చు. ఇలాంటి లెక్క కంటే, పెళ్ళిలో ఎవరు ఎవరికి ఏ సారె పెట్టారో చెప్పే అత్తను పక్కన కూర్చోబెట్టుకోవడం నయం. ఒక తేడా మాత్రం పరీక్ష నిలబెట్టి చెప్పగలదు, ఇద్దరు మగవాళ్ళు ఒకే మగ వరసకు చెందినవాళ్ళా కాదా అన్నది. ఏడుగురు అన్నదమ్ముల వారసులమని చెప్పుకునే రెండు ఊళ్ళ వాళ్ళు ఆ పరీక్షకు సిద్ధపడేది మాత్రం తక్కువ.

ఇక కావడితో వచ్చిన ముత్తాత ఇంటి సంగతి. రాసిపెట్టుకునేటప్పుడు జేజి చెప్పిన కథను ఆమె మాటల్లోనే ఒక పుటలో, దస్తావేజు నకలును దానికి ఎదురు పుటలో పెడితే సరిపోతుంది. ఒకదాన్ని కొట్టేసి ఇంకోదాన్ని రాయనక్కరలేదు. పేరంటాలి చీర ఈ సంక్రాంతికీ పెడతారు, ఇప్పుడు ఆమె ఎవరో తెలిసి. బావి పూడ్చి బోరు వేసి చాలా ఏళ్ళయింది. పాత హద్దులనే కొత్త కాగితంలోకి దించడం దస్తావేజు రాసేవాళ్ళ అలవాటు కాబట్టి, ఆ పొలం ఎన్ని చేతులు మారినా షెడ్యూల్లో దక్షిణానికి కపిల బావి అనే ఉంది.